ఉన్న రంగే వేయండి

ఆయన్ని అందరూ గడియారాలాయన అనేవారు. బజారులో పాత కట్టడం ఒకటుంది, దాని మెట్ల కింద అరలాంటి చోటే ఆయన కొట్టు. నిటారుగా నిలబడితే తల పైమెట్టుకి తగులుతుంది, అందుకని పొద్దున వచ్చి కూర్చున్నవాడు సాయంత్రం వరకూ కూర్చునే ఉండేవాడు. ఎడమకంటికి భూతద్దం బిగించుకుని, చీమ తలకాయంత మరని చిమటాతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి దాని చోట్లో దాన్ని కూర్చోబెట్టేవాడు. కిందపడ్డ మర కోసం కొత్తవాళ్లు నేలంతా దేవులాడుతుంటే, ఆయన కూర్చున్నచోటు నుంచే "అదిగో, మీ చెప్పు పక్కన" అనేవాడు. అలాంటి కళ్లు.

ఆ కళ్లకి కొన్ని రంగులు తెలియవంటే ఎవరు నమ్ముతారు?

చిన్నప్పుడు బళ్లో ఆకు బొమ్మకి మట్టిరంగు పూసి, మాస్టారి చేత చెవి మెలిపెట్టించుకున్నాక గానీ ఆ సంగతి ఇంట్లో బయటపడలేదు. తల్లి భయపడిపోయింది. కంట్లో లోపముందని తెలిస్తే రేపు పిల్లనెవరిస్తారని ఆమె బెంగ. "ఎవరడిగినా చెప్పకు. తెలియకపోతే మాట్లాడకుండా ఊరుకో," అంది. ఆయన అలాగే ఊరుకున్నాడు. ఊరుకోగా ఊరుకోగా అదే స్వభావమైంది. మితభాషి అన్నారు, గంభీరమైన మనిషి అన్నారు. కారణం మాత్రం ఎవరికీ తట్టలేదు.

తట్టింది ఒక్కరికే. కర్టెన్ అంచు కుట్టుకోవడానికి ఆకుపచ్చ దారం తెమ్మని తల్లి ఒకరోజు దారాల కొట్టుకి పంపింది. డబ్బాలో కలిసిపోయి ఉన్న ఉండల్లోంచి ఒకటి తీసుకొచ్చాడు. తల్లి తిట్టి వెనక్కి పంపింది. ఇంకొకటి తెచ్చాడు. మళ్లీ తిట్లు. మళ్లీ వెళ్లేసరికి, బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే ఒక ఉండ కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

"ఇది ఆకుపచ్చ. ఈసారి మీ అమ్మగారు తిట్టరు," అంది. ఆయన ముఖం పాలిపోవడం చూసి గొంతు తగ్గించి, "నేనెవరితోనూ అనను లెండి," అని కూడా అంది.

ఆ తర్వాత ఆయన ఇంట్లో చినుగులు లేకపోయినా దారాలు కొన్నాడు. ఆ దారాలన్నీ ఏమయ్యాయో గానీ, ఆ అమ్మాయి ఆయన ఇంటికి వచ్చేసింది.

పెళ్లయ్యాక ఆయనకి రంగులతో పేచీ లేకుండా పోయింది. పొద్దున లేచేసరికి వేసుకోవాల్సిన చొక్కా, దానికి సరిపడే ప్యాంటు కుర్చీ మీద ఉండేవి. పళ్ల బండి దగ్గర ఆయన చెయ్యి తప్పుడు పండు మీదికి వెళ్తుంటే ఆవిడ మోచేత్తో చిన్నగా పొడిచేది. ఎవరైనా "ఈ రంగెలా ఉందండీ?" అని అడిగితే, ఈయన నోరు తెరిచేలోగా ఆవిడే "మా ఆయనకి నచ్చలేదు, ముఖం చూస్తే తెలియట్లా?" అని నవ్వేసేది. ఇద్దరూ రోడ్డు మీద నడుస్తూ ఉంటే ఏదో గుసగుసలాడుకుంటున్నారని చూసేవాళ్లు అనుకునేవారు. ఆవిడ చెప్పేది ఏమీ లేదు. ఎదురుగా వచ్చే బస్సు ఎరుపు, ఆ పిల్ల గౌను ఆకుపచ్చ, ఆ గేటుకి కొత్తగా రంగేశారు, బాగాలేదు. అంతే.

పిల్లలు పుట్టలేదు. ఇల్లు రెండు గదులూ వంటిల్లూ. ఆ ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆవిడ రోజుల తరబడి ఆలోచించింది. హాలు గోడలు పూర్తయ్యాక ఆయన్ని మధ్యలో నిలబెట్టి, "ఎలా ఉంది?" అంది.

"నువ్వే చెప్పు."

ఆవిడ కాసేపు వెతుక్కుంది. రంగు పేరు చెబితే ఆయనకి ఒరిగేదేమీ లేదని ఆవిడకి తెలుసు. "పొద్దున్నే చన్నీళ్లతో ముఖం కడుక్కుంటే ఉంటుందే, అలా ఉంది," అంది చివరికి.

"అయితే బాగుంది," అన్నాడు.

ఆవిడ పోయి రెండు వానాకాలాలు గడిచాయి. గుండెజబ్బు. ఆస్పత్రిలో ఎక్కువ రోజులు లేదు. పలకరించడానికి వచ్చిన వాళ్లంతా తిండీ నిద్రా గురించే అడిగారు. చొక్కాల సంగతి ఎవరడుగుతారు? ఆయన తన రంగు చొక్కాలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేసి, అన్నీ తెల్లవే కుట్టించుకున్నాడు. పాపం, భార్య మీద బెంగతో అలా అయిపోయాడనుకున్నారు. అదీ అబద్ధమేమీ కాదు. పళ్లు వేలితో నొక్కి చూసి కొనేవాడు. రోడ్డు దాటేటప్పుడు దీపాల రంగు కాదు, పైదా కిందదా అని చూసేవాడు. సాయంత్రం నడిచి ఇంటికి వస్తుంటే ఎదురుగా బస్సు వచ్చేది. ఏ రంగు బస్సో చెప్పేవాళ్లు లేరు. అది తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. అయినా బస్సు వెళ్లిపోయేదాకా ఆగి చూసేవాడు.

ఇలా ఉండగా, పైవాటావాళ్లు ఊరెళ్లినప్పుడు వాళ్ల స్నానాల గదిలో గొట్టం పగిలింది. నీళ్లు కారీ కారీ ఈయన హాలు గోడా పడగ్గది గోడా నాని ఉబ్బిపోయాయి. వారం తిరిగేసరికి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలైంది. పైవాటా ఆవిడ ఊర్నుంచి రాగానే పరుగున దిగొచ్చి, ముక్కున వేలేసుకుంది.

"అయ్యో అన్నయ్యగారూ, మా మూలాన ఎంత పనైపోయింది! మా పెయింటర్ ఉన్నాడు, రేపే పంపిస్తాను. మొత్తం మేమే వేయిస్తాం. మీరు రంగు మాత్రం చెప్పండి, చాలు."

రంగు మాత్రం చెప్పండి చాలట.

పెయింటర్ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నడివయసు మనిషి, చెవి వెనక పెన్సిలు, జుట్టు నిండా సున్నం పొడి. గోడలన్నీ అరచేత్తో తట్టి చూసి, "నానింది గీకేయాలి, పుట్టీ పెట్టాలి, ఆరాక రెండు పూతలు వేయాలి," అని లెక్క చెప్పి, "ఏ రంగు వేయమంటారు సార్?" అన్నాడు.

"ఉన్న రంగే వేయండి."

"ఉన్నదంటే ఏది సార్? కిటికీ దగ్గర ఒకలా ఉంది, తలుపు దగ్గర ఒకలా ఉంది. ఎండకి వెలిసిపోయింది కదా. మొదట వేసిందేంటో చెప్పండి."

పైవాటా ఆవిడ ఎప్పుడో మాటల్లో "మీ హాలు పచ్చగా ఎంత హాయిగా ఉంటుందో" అన్నది గుర్తొచ్చింది. "పచ్చ," అన్నాడు.

"పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

ఇదెక్కడి భాషరా దేవుడా, రెండింటికీ ఒకటే మాట పెట్టి నా ప్రాణం తీస్తున్నారనుకున్నాడు ఆయన. పసుపు ఆయన కంటికి తెలుస్తుంది. ఈ గోడ అది కాదు. "ఆకుపచ్చే. లేత ఆకుపచ్చ," అన్నాడు ధైర్యం చేసి.

పెయింటర్ సంచీలోంచి రంగుల పుస్తకం తీశాడు. విసనకర్రలా విచ్చుకునే చీటీల కట్ట. "లేత ఆకుపచ్చలే ఇన్ని ఉన్నాయి సార్, చూడండి," అంటూ ఒకచోట వేలు పెట్టి చూపించాడు. "గోడకి ఆనించి చూసుకుని నంబరు చెప్పండి. ఫోన్ చేసినా సరే," అని కట్ట మూసి చేతిలో పెట్టి, ఉబ్బిన గోడ గీకడం మొదలుపెట్టాడు. ఏ పేజీ దగ్గర వేలు పెట్టాడో, మూసేసరికి పోయింది.

రెండు రోజులు ఆ కట్ట ఆయన సంచిలోనే తిరిగింది. బావమరిదిని అడుగుదామా అనుకున్నాడు. బావమరిది ఊళ్లోనే ఉంటాడు, పెద్ద గొంతు మనిషి, మందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. అక్క పోయాక కూడా ఆదివారాలు అప్పుడప్పుడూ వచ్చి, కాసేపు కూర్చుని, వెళ్లేటప్పుడు భుజం తట్టి పోతుంటాడు. కానీ ఏమని అడగాలి? నా ఇంటి గోడ ఏ రంగో చెప్పరా అనా? ఇన్నేళ్లు కాపురముండి ఇంటి రంగు తెలియదా అంటే?

మూడో రోజు పొద్దున, ఎండ ఇంట్లో పడగానే, తలుపు గడియ పెట్టి గోడ దగ్గర నిలబడ్డాడు. గీకకుండా మిగిలిన చోట ఒక్కొక్క చీటీ ఆనించి చూశాడు. కొన్ని మరీ వెలుతురుగా ఉన్నాయి, కొన్ని ముదురు. గడియారం పళ్లచక్రం సరిపోయిందో లేదో చూసినంత శ్రద్ధగా చూశాడు. చూడగా చూడగా ఒక చీటీ గోడలో కలిసిపోయింది. అంచు ఎక్కడుందో కూడా కనిపించలేదు. కొంచెం దూరం జరిగి చూశాడు, దగ్గరికొచ్చి చూశాడు. అదే. అచ్చంగా అదే. ఎవరి సాయమూ లేకుండా ఒక రంగు పట్టుకున్నానన్న సంతోషంతో ఆయన ఆ చీటీ మూల మడిచాడు. పెయింటర్‌కి ఫోన్ చేసి నంబరు చదివాడు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చేసరికి పెయింటర్ ఒక గోడ సగం వేసి, బ్రష్షు కడుక్కుంటూ ఎదురుచూస్తున్నాడు.

"ఒకసారి చూడండి సార్. సరేనా? రంగు మారింది మరి."

గడియారాలాయన చూశాడు. కొత్త రంగు తడిమీద ఉంది గనక కొంచెం మెరుస్తోంది. అంతకు మించి తేడా లేదు. "కొత్తది కదండీ, ఆమాత్రం ఉంటుంది. బ్రహ్మాండంగా ఉంది, వేసెయ్యండి," అన్నాడు.

పెయింటర్ ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసి, ఇల్లు ఆయనది, ఇష్టం ఆయనది అనుకున్నాడేమో, తల ఊపి బకెట్టు సర్దుకున్నాడు.

హాలు పూర్తయ్యేసరికి వారం పట్టింది. పడగ్గది గోడ ఇంకా ఆరలేదు, ఆరాక వస్తానని పెయింటర్ వేరే పనికి వెళ్లాడు. ఆ సాయంత్రం గడియారాలాయన హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తడి మరకలు పోయాయి, పెచ్చులు పోయాయి. ఆవిడ ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. చన్నీళ్లతో ముఖం కడుక్కున్నట్టుంది కాబోలు అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయనకి ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోబుద్ధేసింది.

పైవాటా ఆవిడ చూడ్డానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అన్నయ్యగారూ! ధైర్యమే చేశారే!" అంది. "ఇల్లు కళకళలాడిపోతోంది," అని కూడా అంది గానీ, ఎందుకో లోపలికి రాలేదు. నవ్వు ఆపుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది. మర్నాడు కొట్టు పక్కన జిరాక్సు మిషన్ నడిపే ఆవిడ, "ఏంటి గురువుగారూ, ఏదో శుభవార్తట?" అని కన్ను గీటింది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఊరుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే గనక ఊరుకున్నాడు.

ఆదివారం బావమరిది వచ్చాడు. ఎప్పుడూ వీధి చివర్నుంచే "బావా!" అని కేకేసేవాడు, ఆరోజు చప్పుడు లేకుండా వచ్చి హాల్లో నిలబడ్డాడు. నాలుగు గోడలూ తిరిగి చూశాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఇదేంటి బావా?"

"ఏంటి?"

"పైవాటావిడ ఫోన్ చేసి చెప్తే నేను నమ్మలేదు. అక్క ముచ్చటపడి వేయించుకున్న రంగు తీసేయించి, ఈ గులాబీ రంగేంటి? కొత్త పెళ్లికొడుకు ఇల్లులాగా!"

గడియారాలాయన గోడ వైపు చూశాడు. తర్వాత బావమరిది వైపు చూశాడు.

"మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే నేను అడ్డం పడతానా? ఒంటరిగా ఉన్నారు, నాకు తెలియదా? చేసుకోండి. కానీ నాకో మాట చెప్పాలా వద్దా? వీధిలో వాళ్లు చెవులు కొరుక్కుంటుంటే నేను వినాలా? అక్క పోయి ఎన్నాళ్లయిందని? ఉన్న ఒక్క గుర్తూ తుడిచేయాలా?" బావమరిది ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇది గులాబీ రంగా?" అన్నాడు గడియారాలాయన.

"నాతో ఆటలాడుతున్నారా బావా?"

"లేదురా. నిజంగా అడుగుతున్నా. ఇది గులాబీయా?"

బావమరిది తిరిగి చూశాడు. ఆయన ముఖంలో ఏం కనిపించిందో, కోపం అక్కడే ఆగిపోయింది. గడియారాలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎప్పుడూ చెప్పలేదు కదా, మాటలు పేర్చి పెట్టుకోలేదు. "నాకు రంగులు తెలియవు. కొన్ని తెలుస్తాయి, చాలా తెలియవు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఉన్న రంగే వేయిద్దామనుకున్నా. నా కంటికి ఇది అదే," అన్నాడు.

ఆ తర్వాత, ఇన్నేళ్లుగా ఆయన దేనికైతే భయపడ్డాడో అదే జరిగింది.

"నా చొక్కా ఏం రంగు?"

"తెలియదు."

"ఆ బకెట్టు?"

"తెలియదు."

"ఆ చెప్పులు? పోనీ ఆ క్యాలెండర్ మీద పువ్వు?"

"తెలియదురా."

బావమరిదికి నవ్వు ఆగలేదు. పడి పడి నవ్వాడు. పెళ్లికొడుకు ఇల్లు అన్నానే అని తన మాటే తలుచుకుని మళ్లీ నవ్వాడు. నవ్వి నవ్వి గోడకి చేరగిలబడి కింద కూర్చుండిపోయాడు. కాసేపటికి నవ్వు దానంతటదే ఆగింది.

"అక్కకి తెలుసా?"

"మీ అక్కకే తెలుసు. దారాల కొట్లో ఉన్నప్పుడే కనిపెట్టింది."

"మాకెవ్వరికీ చెప్పలేదే!" అన్నాడు బావమరిది. "అమ్మకి కూడా చెప్పలేదు. అక్క నోట్లో నువ్వుగింజ నానదనేవాళ్లం. నేను మొదటిసారి సిగరెట్ కాలిస్తే, నేను ఇంటికొచ్చేలోపల నాన్నకి చెప్పేసింది. అలాంటిది ఇన్నేళ్లు..." అని ఆగిపోయి, కళ్లు తుడుచుకున్నాడు. నవ్వి వచ్చిన నీళ్లో, మరోటో.

తర్వాత ఆ మనిషికి ఒక్కసారిగా హుషారొచ్చింది. కూర్చోబుద్ధి కాలేదు. "పదండి, రేపే మళ్లీ వేయిద్దాం. అక్క రంగు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది," అంటూ ఇల్లంతా వెతికాడు. హాలు మూల పెద్ద ఇనుప బీరువా ఉంది. దాన్ని కదపలేక పెయింటర్ చుట్టూ వేసి వదిలేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని ముందుకి లాగారు. వెనక గోడ బయటపడింది.

"ఇదిగో బావా! ఇదీ అక్క రంగు. ఎండ తగలకుండా ఎంత తాజాగా ఉందో చూడండి!"

గడియారాలాయన చూశాడు. గోడ కనిపించింది. ఈ చివర్నుంచి ఆ చివరి వరకూ ఒకటే గోడ.

"ఎక్కడి వరకూ ఉంది?"

"ఇక్కడి వరకూ," అని బావమరిది వేలితో గీత గీసి చూపించాడు.

ఆయన ఒంగి ఆ చోట వేలు పెట్టాడు. మెల్లిగా పక్కకి జరిపాడు. నున్నగా పోతున్న వేలి కొసకి సన్నటి గట్టు తగిలింది. కొత్త రంగు అంచు అది. వెంట్రుక మందం కూడా లేదు, కానీ ఆ వేళ్లు అంతకంటే సన్నవి ఎరిగినవి. ఆ గట్టు వెంబడే వేలు పైకి నడిపించాడు, అందినంత వరకూ. ఇవతల గులాబీ, అవతల ఆవిడ.

"రేపు పెయింటర్‌ని పిలవనా?" అన్నాడు బావమరిది.

"వద్దులే."

"అదేంటి?"

"ఈ ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. నాకు రెండూ ఒకటే. ఎవరి కోసం వేయించాలిరా?"

అక్క కోసం అనబోయి బావమరిది మానుకున్నాడు. ఇద్దరూ బీరువా వెనక్కి నెట్టారు.

బావమరిదిది పెద్ద గొంతని చెప్పాను కదా. సంగతి వాళ్లింట్లో తెలిసింది, వాళ్ల బంధువులకి తెలిసింది, పైవాటా ఆవిడకి తెలిసింది, అక్కడి నుంచి బజారుకి నడిచొచ్చింది. నాలుగు రోజులు ఆయన కొట్టు దగ్గర సంతలా ఉంది. జిరాక్సావిడ రంగు కాగితాలు తెచ్చి ఒక్కొక్కటీ చూపించి అడిగింది. టీ బండివాడు గ్లాసు పట్టుకుని "ఇది టీయా, కాఫీయా?" అన్నాడు. "వాసన చూసి చెప్తా," అన్నాడు గడియారాలాయన. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. వారం తిరిగేసరికి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. పిల్లనెవరిస్తారని తల్లి భయపడి, ఒక మనిషి జన్మంతా నోరు కట్టేసుకుని దాచిన రహస్యం అది. దాని బతుకు నాలుగు రోజులు.

అవమానం అనుకున్నది అవమానంలాగా లేదు. అయినా ఆయనకి తేలిగ్గా అనిపించలేదు. రోజూ ఇంటికి నడిచి వస్తుంటే ఏదో పారేసుకున్నట్టుండేది. జేబులు తడుముకునేవాడు. తాళంచెవులు ఉండేవి, కళ్లజోడు ఉండేది. చాలా రోజులకి గానీ అదేమిటో అందలేదు. తల్లి పోయాక, ఆ మాట ఆయనకీ ఆవిడకీ మాత్రమే తెలిసిన మాట. ఆవిడ పోయాక కూడా అది ఇద్దరిదిగానే ఉంది. ఇప్పుడు టీ బండివాడిది కూడా అయింది.

పడగ్గది గోడ ఆరింది. పెయింటర్ వచ్చి గుమ్మంలో తల గోక్కుంటూ నిలబడ్డాడు. "ముందే ఒక్క మాట అనాల్సింది సార్. నేను అడిగాను కూడా, రంగు మారిందని."

"అడిగారు. తప్పు మీది కాదు."

"మరి ఈ గదికి?"

"నేనే వెళ్లి తెస్తాను," అన్నాడు గడియారాలాయన.

రంగుల దుకాణంలో కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చుంది. ఏం కావాలి అంకుల్ అంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇంతవరకూ సంగతి బయటపడింది గానీ, తనంతట తాను ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పింది లేదు. "నాకు రంగులు సరిగా కనిపించవమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. తన చొక్కా ఏం రంగని అడగలేదు. "ఏవి కనిపిస్తాయి అంకుల్?" అంది, మౌస్ కదుపుతూ.

ఏవి కనిపించవో ఆయనకి బాగా తెలుసు, దాని చుట్టూనే బతుకంతా కట్టుకున్నాడు. ఏవి కనిపిస్తాయని ఎవరూ అడగలేదు. ఆవిడ కూడా అడగలేదు. ఆవిడ చెప్పేది, ఈయన వినేవాడు, అది ఇద్దరికీ హాయిగా ఉండేది. ఈయనా ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు.

"చూపించు, చెప్తాను," అన్నాడు.

ఆ అమ్మాయి తెర ఆయన వైపు తిప్పింది. బూడిదరంగులు వచ్చాయి, పోయాయి. మట్టిరంగులు వచ్చాయి, పోయాయి. అవి నిజంగా ఏమిటో ఆయనకి తెలియదు. ఇంతలో ఒక నీలం వచ్చింది. కొట్టు నిండా గడియారాలు నిశ్శబ్దంగా ఆడుతుండగా ఒక్కటి ఠంగుమని గంట కొడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"అది," అన్నాడు.

"బాగా ముదురు అంకుల్. గది చిన్నగా కనిపిస్తుంది."

"ఒక్కణ్ణేనమ్మా. సరిపోతుంది."

పెయింటర్ మూతి విరిచాడు గానీ వేశాడు. బావమరిది భార్యాపిల్లల్ని తీసుకుని చూడ్డానికి వచ్చాడు. బాగుందన్నారు, కాస్త ముదురన్నారు, హాలూ గదీ పక్కపక్కన చూస్తే కళ్లు తిరుగుతున్నాయని అతని భార్య నవ్వింది. వెళ్లేటప్పుడు బావమరిది భుజం తట్టి, "చొక్కాలు కొనాలంటే చెప్పండి బావా, నేనొస్తా," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ తర్వాత ఆఫీసు పని మీద ఊళ్లు తిరగాల్సి వచ్చి చాలా ఆదివారాలు రాలేదు.

రంగు వాసన పోయాక ఒక సాయంత్రం గడియారాలాయన మంచం మళ్లీ ఆ గదిలో వేసుకున్నాడు. దుప్పటి పరిచి, దాని మీద కూర్చుని గోడ చూశాడు. కిటికీలోంచి వెలుతురు వాలుగా పడి, నీలం ఒకచోట లేతగా, ఒకచోట చిక్కగా ఉంది. తనకి ఇంత స్పష్టంగా తెలిసిన రంగు ఈ ఇంట్లో ఇదొక్కటే. ఇది ఎలా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పాల్సివస్తే తనే చెప్పగలడు. ఎలా చెప్పాలో కూడా కాసేపు ఆలోచించాడు. చూడు, అని మొదలుపెట్టాలి. మొదటిసారి తను చెప్పేవాడు, ఆవిడ వినేది. ఆవిడకి నచ్చేదో లేదో. తనకి ఆవిడ నీలం చొక్కా ఒక్కటి కూడా కొనలేదు మరి.

"చూడు," అన్నాడు పైకే. ఆ మాట గదిలో ఆయనకే వింతగా వినిపించి, ఆ తర్వాత మాట్లాడలేదు.

వెలుతురు తగ్గుతూ వచ్చింది. గోడ నల్లబడింది, హాలూ నల్లబడింది, రెంటికీ తేడా లేకుండా పోయింది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఆయన లేచి లైటు వేసి, పొయ్యి మీద గిన్నె పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు.